చాట చెరుగుతున్న చప్పుడు

ఇంట్లో దయ్యం తిరుగుతోందని ఎవరైనా నాతో అంటే, ముందు మీ ఇంటి న్యూట్రల్ వైరు బిగువుగా ఉందో లేదో చూడమంటాను. వెటకారానికి కాదు, నా ఉద్యోగం నేర్పిన అలవాటు. లైట్లు వాటంతటవే వెలిగి ఆరిపోవడం, రేడియోలో ఎవరో గొణుగుతున్నట్టు వినిపించడం, టీవీ బొమ్మ మీద నీడ కదలడం, ఇవన్నీ నేను స్వయంగా వెళ్ళి చూసినవే. వెతగ్గా వెతగ్గా ఒక వదులైన వైరో, పాతబడిన మోటారో, చవకరకం ట్యూబ్‌లైటు చోకో దొరికేది. దయ్యం ఎక్కడా దొరకలేదు.

ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. మిమ్మల్నీ నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు ఎక్కడైనా చెప్పాలని ఇన్నాళ్ళకు అనిపించింది, అంతే.

నా పేరు వసుధ. మాది కాకినాడ. ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. తొంభైల చివరి రోజులవి. హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర ఒక కాలనీలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన ప్రభుత్వ ఉద్యోగి. నేను ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో ఇంజినీరుని.

మా ల్యాబు పనేమిటో కాస్త చెప్పాలి. కరెంటుతో నడిచే ఏ పరికరమైనా తన చుట్టూ ఎంతో కొంత విద్యుదయస్కాంత గోల వదులుతుంది. మిక్సీ తిప్పితే టీవీ మీద చుక్కలు పడటం అందరూ చూసిందే. ఒక పరికరం వదిలే గోల వల్ల పక్క పరికరం పని చెడిపోతుంటే, ఆ గోల ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం మా పని. అది కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. అందుకని కనిపించేలా, వినిపించేలా చేసుకునేవాళ్ళం.

ల్యాబు పెట్టింది మూర్తి గారు. ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరైన మనిషి. చాలా నెమ్మదస్తులు. ఆయనే కూర్చుని ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. గది నేల మీద సుద్దతో గళ్ళు గీసి, ఒక్కో గడిలో నిలబడి కొలిచి, ఆ అంకెలు కంప్యూటర్‌కి ఇస్తే అది గది పటం గీసి రంగులు నింపేది. గోల లేనిచోట నీలం, కొద్దిగా ఉంటే పసుపు, ఎక్కువైతే ఎరుపు. ముగ్గులో రంగులు నింపినట్టు ఒక్కో గడీ నిండుతూ వచ్చేది. అప్పట్లో అది చూసినవాళ్ళందరూ ముచ్చటపడేవారు.

ఆడపిల్లనని నన్ను బయట సైట్లకు పంపడానికి చాలామంది జంకేవాళ్ళు. మూర్తి గారు మొదటి వారంలోనే పంపారు. పంపుతూ ఒకే మాట చెప్పారు. ఎక్కడి నుంచి వస్తోందో తెలియని సిగ్నల్‌ని సైటులో వదిలేసి రాకు అని.

ఆ రోజు పిలుపు మాదాపూర్ నుంచి వచ్చింది. అప్పటికి హైటెక్ సిటీ అంటే కొత్తగా లేచిన ఒకటి రెండు పెద్ద భవనాలు, వాటి చుట్టూ పేల్చిన బండరాళ్ళు, ఎర్రమట్టి రోడ్లు. ఇంకా కడుతూనే ఉన్న ఒక భవనంలో రెండో అంతస్తు తీసుకుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దిగింది. కింద సెల్లారులో పనులు ఇంకా పూర్తికాలేదు. పైన మాత్రం కుర్రాళ్ళు కూర్చుని పని మొదలుపెట్టేశారు.

వాళ్ళ సమస్య ఏమిటంటే, మానిటర్లలో బొమ్మ ఊగుతోంది. ఇప్పటి పలకల్లాంటి మానిటర్లు కావవి. వెనక పెద్ద పొట్ట ఉన్న గాజు మానిటర్లు. ఒక వరసలో కూర్చున్న వాళ్ళందరికీ అక్షరాలు నీళ్ళలో కనిపిస్తున్నట్టు కదులుతున్నాయి. తలనొప్పులు, కళ్ళమంటలు. మానిటర్లు మార్చినా అదే వరస. ఈ స్థలం ఒకప్పుడు శ్మశానమని ఎవరో పుట్టించారు. వాస్తు చూసేవాయన వచ్చి ఒక తలుపు మార్పించి వెళ్ళారు. అక్షరాలు ఊగుతూనే ఉన్నాయి.

భవనం బాధ్యత అంతా చూసేది ప్రసాద్ గారు. తెనాలి ప్రాంతం మనిషి. నడివయసు, చాలా మర్యాదస్తులు. మర్నాడు విదేశీ క్లయింట్లు చూడటానికి వస్తున్నారట. ఆయన నన్ను చూడగానే కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి పుణ్యం కట్టుకోమన్నారు.

గోలను తెర మీద గీతలుగా చూపించే ఎనలైజర్ని చక్రాల బల్ల మీద పెట్టుకుని, నేల మీద గళ్ళు గీస్తూ పని మొదలుపెట్టాను. చేతిలో ఉంగరంలా గుండ్రంగా ఉండే యాంటెన్నా. వాళ్ళ కంప్యూటర్ ఒకటి తీసుకుని, ఫ్లాపీలో తెచ్చుకున్న మా ప్రోగ్రాం ఎక్కించాను.

అక్కడ నేల తుడుస్తున్న ఆవిడ నా సుద్ద గీతలు చెరిగిపోకుండా చుట్టూ తిరిగి తుడుస్తోంది. నలభై ఏళ్ళుంటాయేమో. పేరు యాదమ్మ, నార్సింగి నుంచి వస్తుందట. నా చేతిలోని ఉంగరాన్ని కాసేపు చూసి, దాంతో ఏం వెతుకుతున్నావని అడిగింది. కరెంటు చేసే గోల ఎక్కడుందో పట్టుకుంటున్నానని చెప్పాను.

"గోల పట్టుకుంటవా మేడం? గట్లయితే మా ఇంటికి రా. మా వాడకట్టుల మస్తు దొరుకుతది" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. తన కూతురు స్వరూప బడికి పోతోందని, లెక్కలు బాగా చేస్తుందని, నాలాగే మిషన్లు పట్టుకుని తిరిగే ఉద్యోగం ఏం చదివితే వస్తుందని కూడా అడిగింది. ఇంతలో కింద నుంచి మేస్త్రీ పిలిస్తే బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మానిటర్ల సమస్య త్వరగానే తేలింది. పటంలో ఒక గోడ పొడవునా ఎర్రటి చార పడింది. గోడ వెనకాలే పైకి వెళ్ళే పెద్ద కరెంటు లైను ఉంది. కింద ఎక్కడో న్యూట్రల్‌ని రెండుచోట్ల ఎర్తుకి కలిపేశారు. దాంతో వెనక్కి వెళ్ళాల్సిన కరెంటు కొంత దారి తప్పి నీళ్ళ పైపుల్లోంచి పోతోంది. ఆ అయస్కాంత క్షేత్రం మానిటర్లని ఊపుతోంది. ఎలక్ట్రీషియన్ వెళ్ళి అక్కర్లేని ఆ కనెక్షను తీసేయగానే అక్షరాలు కుదురుగా నిలబడ్డాయి. కుర్రాళ్ళు కుర్చీల్లోంచి లేచి ఒకళ్ళ మానిటర్ ఒకళ్ళు చూసుకున్నారు. ప్రసాద్ గారి ముఖం విప్పారింది. నాకు టీ, సమోసాలు తెప్పించారు.

మరమ్మతు తరవాత ఇంకోసారి కొలవడం మా పద్ధతి. రిపోర్టులో ముందు పటం, తరవాత పటం రెండూ పెట్టాలి. మళ్ళీ గది అంతా తిరిగాను. ఎర్ర చార పోయింది. అంతా నీలం. మొదటిసారి ఏమీ లేని ఉత్తరం మూలలో మాత్రం, రేడియో తరంగాలకు విడిగా గీసే పటం మీద, పసుపు మచ్చ ఒకటి వచ్చింది.

పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ కొలిచాను. పసుపు కాస్తా ఎరుపైంది.

ఎనలైజర్ తెర మీద గడ్డి మొలిచినట్టు సన్నటి గీతలు లేచి, కాసేపు నిలిచి, పడిపోతున్నాయి. మళ్ళీ లేస్తున్నాయి. కరెంటు లైను గోల అలా ఉండదు. ట్యూబ్‌లైటుది అలా ఉండదు. కంప్యూటర్లది అసలే కాదు. ఆ మూలకి దగ్గర్లో ఉన్న మిషన్లన్నీ కట్టేయించాను. ఏసీ ఆపించాను. సిగ్నల్ మారలేదు. ఆ మూలలో నిజానికి ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు.

ప్రసాద్ గారు నా పక్కనే నిలబడి అంతా చూశారు. చూసి, ఎంతో మర్యాదగానే చెప్పారు. "ఆ మూల ఎవరూ కూర్చోరండి. మీరు మాకు చేసిన సాయం చాలా పెద్దది. రిపోర్టు రాసిచ్చేసి బయల్దేరండి, చాలు."

ఆయన తప్పేమీ లేదు. పిలిచిన పని అయిపోయింది. నేను ఎనలైజర్ కట్టేసి, తీగలు చుట్టి, సామానంతా మా ల్యాబు వ్యానులోకి ఎక్కించాను. వ్యానెక్కి కూర్చున్నాను కూడా. డ్రైవరు స్టార్ట్ చేయబోతుంటే ఒక్క నిమిషం ఆగమన్నాను.

ఎందుకు ఆగమన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మూర్తి గారికి ఏం జవాబు చెప్పాలన్నదే అప్పుడు మనసులో ఉందనుకుంటాను. ఆ మూల ఏముంది అని ఆయన అడుగుతారు. తెలియదండి అనాలి. అది నాకిష్టం లేకపోయింది.

మా దగ్గర భుజానికి తగిలించుకునే చిన్న రిసీవర్ ఒకటుండేది. బ్యాటరీతో నడుస్తుంది. ఎనలైజర్ తెర మీద చూపించేదాన్ని ఇది చెవికి వినిపిస్తుంది. ఏ గోలకైనా ఒక గొంతు ఉంటుంది. చోకు జుమ్మంటుంది. ఆటో దూరం నుంచే టకటకమంటుంది. వదులు వైరు చిటపటలాడుతుంది. కొన్నాళ్ళు వింటే మనుషుల గొంతుల్లాగే గుర్తుపట్టేయొచ్చు. ఆ రిసీవర్ భుజాన వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్ళీ రెండో అంతస్తుకి ఎక్కాను.

ఆ మూలలో నిలబడి విన్నాను. అలాంటి శబ్దం అంతకుముందెన్నడూ వినలేదు.

అది చిటపట కాదు. జుమ్మనడం కాదు. మెత్తగా, పొడిగా, ఒక ఊపులో లేచి పడుతోంది. అలా కొన్నిసార్లు లేచి పడి, ఆగుతుంది. ఆగి మళ్ళీ మొదలవుతుంది. నాకు వెంటనే తోచిన పోలిక ఒక్కటే. ఎవరో చాటలో బియ్యం చెరుగుతున్నట్టుంది. చెరిగి, రాళ్ళు ఏరడానికి ఆగి, మళ్ళీ చెరుగుతున్నట్టు.

భయం వేయలేదు. నిజం చెప్పాలంటే కుతూహలం వేసింది. యాంటెన్నా ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పితే శబ్దం ఒక దిక్కున తగ్గుతుంది, ఒక దిక్కున పెరుగుతుంది. దాన్నిబట్టి సిగ్నల్ ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. గోడవైపు కాదు, పైకప్పువైపు కాదు. కింద నుంచి వస్తోంది.

మెట్లు దిగాను. ఒకటో అంతస్తులో కాస్త పెరిగింది. అది ఖాళీగా ఉంది, కరెంటు కూడా ఇవ్వలేదు. కిందికి దిగితే ఇంకా పెరిగింది. కాంక్రీటు, ఇనుప చువ్వలు అడ్డం వస్తే ఇలాంటి సిగ్నళ్ళు నీరసించిపోవాలి. కింది అంతస్తుల నుంచి రెండో అంతస్తుదాకా ఎక్కి రావడమే కుదరని పని. కానీ దిగినకొద్దీ అది పెరుగుతోంది.

సెల్లారులోకి దిగాను. బండ్లు దిగే దారిలోంచి మధ్యాహ్నపు వెలుతురు పడుతోంది. పనివాళ్ళు అన్నాలకు వెళ్ళినట్టున్నారు, ఎవరూ లేరు. ఉత్తరం వైపు పంపుల గది. తలుపింకా బిగించలేదు. లోపల కొత్త మోటార్లు చెక్కపెట్టెల్లోనే ఉన్నాయి. గోడమీద వైరు కోసం పైపులు వేశారు గాని వాటిలో వైర్లు లేవు. నేలమీద చదరంగా ఒక ఇనుప మూత.

ఆ మూత దగ్గర శబ్దం ఎంత పెద్దదైందంటే, హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించుకోవాల్సి వచ్చింది.

పరుగున వెళ్ళి ప్రసాద్ గారిని పిలుచుకొచ్చాను. ఆయన భోజనం మధ్యలో లేచి వచ్చారు. చెయ్యి సరిగ్గా కడుక్కోలేదు కూడా. వచ్చి, ఇది నీళ్ళ సంపు అని, రేపో మాపో నీళ్ళు నింపుతారని, ఇక్కడసలు కరెంటే లేదని ఓపికగా చెప్పారు. నేను హెడ్‌ఫోన్ ఇవ్వబోయాను. అక్కర్లేదన్నారు. మూత ఒక్కసారి తీయించండి అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఏమనుకున్నారో, మేస్త్రీని కేకేశారు.

మేస్త్రీ వచ్చి అందులో ఏమీ లేదన్నాడు. పొద్దున్న యాదమ్మని దింపి, సిమెంటు పెళ్ళలూ చెత్తా ఊడ్పించాడట. ఆమె పని చేసుకుని ఎప్పుడో వెళ్ళిపోయిందట. మూత తెరిచి ఉంటే ఎవరైనా పడతారని పనివాడొకడు వేసేశాడట.

ఆమె వెళ్ళడం చూశావా అని ప్రసాద్ గారు అడిగారు. మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. అప్పుడే నాకు మోటారు పెట్టె వెనక ఒక జత ఆడవాళ్ళ హవాయి చెప్పులు కనిపించాయి.

ముగ్గురం కలిసి మూత లేపాం. మూత అంచు నేల నుంచి లేచిన ఆ క్షణంలోనే నా చెవుల్లో శబ్దం ఆగిపోయింది. తగ్గుతూ తగ్గుతూ కాదు. ఠక్కున.

లోపలి నుంచి ముక్కులు పగిలేంత రంగు వాసన వచ్చింది. నీళ్ళు ఊరకుండా సంపు గోడలకి కొత్తగా ఏదో రంగు వేశారు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక అడుగున ఆకుపచ్చ చీర కొంగు కనబడింది.

మేస్త్రీ ఒక్క ఉదుటున సంపు గోడకున్న ఇనుప నిచ్చెన మీద కాలు పెట్టాడు. ప్రసాద్ గారు అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

"దిగొద్దు. మా ఊళ్ళో పాడుబడ్డ బావిలో పడ్డవాణ్ణి తీయడానికి ఒకడి వెనక ఒకడు దిగి అన్నదమ్ములు ముగ్గురూ పోయారు. ముందు గాలి ఆడనీ" అన్నారు.

ఆ మాట గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ గదిలో అప్పుడు స్థిమితంగా ఉన్నది ఆయనొక్కరే. పైనుంచి పెద్ద ఫ్యాన్లు తెప్పించారు. నా ఎక్స్‌టెన్షన్ తీగలన్నీ కలిపి మెయిన్ బోర్డు నుంచి వాటికి కరెంటు అందించాను. గాలి లోపలికి కొడుతున్నంతసేపూ నేను మూత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని యాదమ్మా, యాదమ్మా అని పిలుస్తూనే ఉన్నాను. పలకలేదు. మేస్త్రీ నడుముకి తాడు కట్టుకుని, కొస నలుగురి చేతికిచ్చి, దిగాడు. ఆమెను భుజాన వేసుకుని పైకొచ్చాడు.

బయట వెలుతురులో పడుకోబెట్టాం. ముఖం బూడిదరంగులో ఉంది. ముఖం మీద నీళ్ళు చల్లాను. ఛాతీ కదులుతోందా లేదా అని నేను చెయ్యి వేసి చూస్తుంటే, దగ్గు వచ్చింది. ఆ దగ్గు విన్నప్పుడు కలిగిన సంతోషం మళ్ళీ నా కొడుకు పుట్టినప్పుడే కలిగింది.

ప్రసాద్ గారు తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పారు. సాయంత్రం స్కూలు బట్టల్లోనే స్వరూప వచ్చింది, పక్కింటావిడతో. మంచం పక్కన చేరి, తల్లి చేతి గాజులు ఒక్కొక్కటే సరిచేస్తూ నిలబడింది. నేను చూడలేక బయటికి వచ్చేశాను.

మర్నాడు విదేశీ క్లయింట్లు వచ్చారు, మానిటర్లు చూశారు, వెళ్ళారు. నా రిపోర్టులో ఆ మచ్చ దగ్గర, కారణం తెలియలేదని రాశాను. మూర్తి గారి ల్యాబులో అలా రాసిన రిపోర్టు అదొక్కటే.

ఆయనకి జరిగిందంతా చెప్పాను. శబ్దం ఎలా ఉందో, చాట చెరుగుడు పోలికతో సహా చెప్పాను. ఆ పోలిక ఇంకెవరికీ చెప్పలేదు. ప్రసాద్ గారితో సిగ్నల్ అని మాత్రమే అన్నాను. ఇంట్లో మా ఆయనకి కూడా, మిషను పట్టిందనే చెప్పాను.

మూర్తి గారు నన్ను వెంటబెట్టుకుని ఆ భవనానికి వచ్చారు. సంపు, పంపుల గది, పై అంతస్తులు, అన్నీ కొలిచారు. ఎక్కడా ఏమీ లేదు. పొడిగాలిలో చీర రాపిడికి చిన్న నిప్పురవ్వలు పుట్టి ఉండొచ్చా అని ఆలోచించారు. కానీ ఆమె కదలకుండా పడి ఉంది. లోపల అంతా తేమ. ఆమె ఒంటి మీద గడియారం లేదు, టార్చిలైటు లేదు. గాజులు, మెట్టెలు, పుస్తె, అంతే. బయటి నుంచి వచ్చిన సిగ్నల్ ఏదైనా ఇనుప మూత మీద పడి తిరిగొచ్చిందేమో అని కూడా చూశారు. అయితే ఆ మూత కింద నుంచి ఎందుకొస్తుంది? రిసీవర్ని విప్పి భాగభాగం పరీక్షించారు. ఎనలైజర్‌ని బయటి ల్యాబుకి పంపించారు. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఆయన బాగా ఆలోచించి చివరికి, "ఆగి దిగావు చూశావా అమ్మా, అది చాలు" అన్నారు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

కొన్ని వారాల తరవాత ఒక ఆదివారం నార్సింగి వెళ్ళాను, యాదమ్మని చూద్దామని. అప్పటికి అది పూర్తిగా పల్లెటూరు. సీతాఫలాల రోజులు. యాదమ్మ తేరుకుంది. కాస్త చిక్కింది గాని మాటలో పాత హుషారు వచ్చేసింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, పండిన కాయలు ఏరి ఏరి నా ముందు పెట్టింది. స్వరూప లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది.

పిల్ల బయటికెళ్ళాక యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. మేడం అని పిలవడం మానేసింది.

"నువ్వు వస్తున్నవని నాకు ఎరుకే బిడ్డా" అంది.

ఎలా తెలుసన్నాను.

"ఊడుస్తుంటె తల తిరిగింది. కూలవడ్డ. మొత్తుకుందామంటె నోరు రాలే. ఇగ పండుకుంటె అయిపాయె అనిపించింది. గప్పుడు సప్పుడు ఇనవడ్డది."

ఏం చప్పుడు అని అడిగాను.

"చాటల బియ్యం చెరుగుతరు చూడు, గట్ల. జరసేపు చెరుగుడు, జరసేపు ఆగుడు, మళ్ళ చెరుగుడు. మా అవ్వ గట్లనే చెరుగుతుండె. నా చిన్నప్పుడే పోయింది. పొద్దంత కూలి చేసొచ్చి, దీపం పెట్టుకోని చెరుగుతుండె. బువ్వ అయ్యేదాంక పండొద్దు బిడ్డా, పండితె లేవవు అంటుండె. గందుకే నేను పండలే. ఇనుకుంట ఉన్న. మీరు మూత లేపంగనే బందయింది."

ఆమె ఈ మాటలు వింతగా చెప్పలేదు. నిన్న ఫలానా మనిషి ఇంటికొచ్చి వెళ్ళింది అన్నట్టు చెప్పింది. తరవాత లేచి, ఇంకో సీతాఫలం విప్పి నా చేతిలో పెట్టింది. నేను తినలేకపోయాను. ఒళ్ళంతా జలదరించింది. కానీ అది భయం కాదు. ఇంతమంది ఒక మనిషిని దక్కించుకోవడానికి కలిసిరావడం చూసినప్పుడు కలిగేదేదో అది. ఆ ఇంతమందిలో నేను ఎవరెవర్ని లెక్కపెడుతున్నానో ఆ క్షణంలో నాకే తెలియలేదు.

నా హెడ్‌ఫోన్ శబ్దం ఆ రోజు నేను తప్ప మరొకరు వినలేదు. ఆ పోలిక ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. మూర్తి గారు ఆమెను అసలు కలవనే లేదు. కాంక్రీటు సంపులో, ఇనుప మూత కింద పడి ఉన్న మనిషికి, నా చెవిలో మోగిందే ఎలా వినిపించింది? ఆమె విన్నదే నా మిషనుకి ఎలా అందింది? ఏది ముందు, ఏది వెనక? ఇంటికి తిరిగొస్తూ బస్సులో ఆలోచించాను. తరవాత చాలా ఏళ్ళు ఆలోచించాను. ఊపిరాడని మెదడు ఏవేవో శబ్దాలు వినిపిస్తుందని ఒక డాక్టరు చెప్పారు. నిజమే అయ్యుండొచ్చు. మరి నా బ్యాటరీ రిసీవర్‌కి ఊపిరి ఆడకపోవడమేమిటి?

ప్రసాద్ గారు ఆ తరవాత ఆ భవనంలో సంపుల్లోకి మనుషుల్ని ఒంటరిగా దింపనివ్వలేదు. పైన ఒకరు నిలబడాల్సిందే, గాలి కొట్టాల్సిందే. మేస్త్రీ చాలాకాలం యాదమ్మ ఇంటికి పండగకి చీర పంపేవాడని విన్నాను. స్వరూప నన్ను సలహా అడిగి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చేరింది. ఇప్పుడు కోకాపేటలో ఒక పెద్ద భవనానికి కరెంటు వ్యవహారాలన్నీ తనే చూస్తోంది. యాదమ్మ మనవణ్ణి ఆడిస్తూ కూతురి దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే ముందు నా ఆరోగ్యం అడుగుతుంది, తరవాత నేనెందుకు రావడం లేదని తిడుతుంది.

మూర్తి గారు ఇప్పుడు లేరు. ఆయనకి, ప్రసాద్ గారికి, తాడు కట్టుకుని దిగిన ఆ మేస్త్రీకి మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను. ఇంకొకరికి కూడా పెట్టాలి. ఎవరికని అడిగితే చెప్పలేను. చెబితే నేను నమ్మనిదాన్ని నమ్మినట్టవుతుంది. చెప్పకపోతే మేలు మరిచినట్టవుతుంది.

నేనింకా ఈ పనిలోనే ఉన్నాను. పరికరాలు మారిపోయాయి. ఇప్పుడు రంగుల పటం అరచేతిలోని తెర మీదే వస్తుంది. ఎన్నో భవనాల్లో, ఎన్నో మూలల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఆ శబ్దం మళ్ళీ రాలేదు. దానికి కారణం ఈనాటికీ నాకు దొరకలేదు, ఇక దొరుకుతుందని కూడా అనుకోను. ఎప్పుడైనా మళ్ళీ వినబడితే మాత్రం, ఎంత తొందర పనిలో ఉన్నా, ఎవరేమనుకున్నా, అది ఎటు పిలిస్తే అటు వెళ్తాను.